ఆల్బర్టు రాకుమారుడు – క్రిస్మసు గృహాలంకారము

డిసెంబరు మాసము ప్రవేశించినది మొదలుకొని క్రైస్తవ గృహములందు సందడి యారంభమగును. గోడలకు సున్నము వేయుదురు. గుమ్మములకు మామిడాకుల తోరణములు గట్టుదురు. రంగు కాగితములతో నక్షత్రమును జేసి, లోపల దీపముంచి, ఇంటి ముంగిట వ్రేలాడదీయుదురు. సముద్రతీరపు జిల్లాలలో ననేకులు సరుగుడు కొమ్మను దెచ్చి, ముందుగదిలో నిలిపి, రంగు కాగితములతోను దీపములతోను సింగారించి, దానిని క్రిస్మసు చెట్టని పిలుతురు. తోరణము మన దేశపుది. నక్షత్రము తూర్పు జ్ఞానుల వృత్తాంతమునుండి వచ్చినది. మఱి యీ చెట్టు ఎక్కడనుండి వచ్చినదని పిల్లలు పెద్దలను తఱచు అడుగుచుందురు. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పబూనినచో నొక మనుష్యుని జీవితమును చెప్పవలసి వచ్చును. ఆయన ఇంగ్లండు నేలిన విక్టోరియా రాణికి భర్తయైన ఆల్బర్టు రాకుమారుడు. ఆయన చరిత్రమును మా పాఠశాల చదువరులకు సంగ్రహముగా నిచ్చట తెలుపుచున్నాము.

మొట్టమొదట నొక సంగతి స్పష్టము చేయుట మంచిది. క్రిస్మసు చెట్టును కనిపెట్టినవాడు ఆల్బర్టు కాడు. దానిని ఇంగ్లండునకు మొదట దెచ్చినవాడును ఆయన కాడు. జర్మను దేశములలో నీ యాచారము మిక్కిలి ప్రాతది. 1605వ సంవత్సరమునకు జెందిన యొక వ్రాత, స్ట్రాస్‌బర్గు నగరమున జనులు తమ యిండ్లలో ఫర్ చెట్లను నిలిపి, వానికి కాగితపు గులాబీలను, ఆపిలు పండ్లను, పలుచని అప్పములను గట్టుచుండిరని తెలుపుచున్నది. మార్టిన్ లూథరు ఒక రాత్రి అడవిలో నడచుచు, ఫర్ కొమ్మల సందున నక్షత్రములు మెఱయుట చూచి, ఆ యందమును తన బిడ్డలకు జూపుటకై యింట చెట్టు నిలిపి దీపములు పెట్టెనను కథ ఆదివారపు బడులలో వినబడుచుండును. ఆ కథ యింపైనదే గాని లూథరు కాలపు వ్రాతలలో దానికి ఆధారము లేదు.

ఇంగ్లండులో, మూడవ జార్జి రాజు భార్యయు జర్మను దేశస్థురాలునగు షార్లెటు రాణి, 1800వ సంవత్సరపు క్రిస్మసునకు విండ్సరులో పిల్లల విందుకై యొక యూ చెట్టును దీపములతో నలంకరింపజేసెను. విక్టోరియా సైతము, 1832లో పదుమూడేండ్ల బాలికగా నున్నప్పుడు, కెన్సింగ్‌టన్ భవనమున బల్లలమీద దీపములు గల చెట్లను నిలిపిరని తన దినచర్యలో వ్రాసికొనెను. ఐనను ఆ యాచారము రాజగృహములను, ధనవంతులైన కొన్ని కుటుంబములను దాటి యంతగా వ్యాపింపలేదు. సామాన్యుల యిండ్లకు హాలీ, ఐవీ, మిసిల్‌టో అను పచ్చని కొమ్మలే క్రిస్మసు అలంకారములు. తరువాత నొక్క తరములోనే ఆ దేశమంతట ఇంటింట చెట్టు వెలసినది. అందులకు కారణము వెదకినచో ఆల్బర్టు గృహజీవితమే ముఖ్యముగా కానవచ్చును. అట్టి గృహమును ఆయన యేల కట్టుకొనెనో తెలియవలెనన్న ఆయన బాల్యమును జూడవలెను.

ఆల్బర్టు 1819వ సంవత్సరము ఆగస్టు 26వ తేదీని జర్మను సంస్థానమైన కోబర్గు సమీపమునందలి రోజెనౌ కోటలో జన్మించెను. తండ్రి ఆ సంస్థానమును పాలించు ఎర్నెస్టు డ్యూకు. తల్లి లూయిసా. అన్న ఎర్నెస్టు ఆల్బర్టు కంటె నొక యేడు పెద్ద. అదే సంవత్సరము మే 24వ తేదీని లండను నగరమున విక్టోరియా జన్మించెను. ఈ యిద్దఱు శిశువులకును మంత్రసాని యొక్కతెయే యగుట విశేషము. లండనులో విక్టోరియా ప్రసవమునకు వచ్చిన యామెయే మూడు నెలలకు రోజెనౌలో ఆల్బర్టును తొలుత చేతులలోనికి దీసికొనెను.

కోట గొప్పదే గాని యందు సమాధానము లేదు. తల్లిదండ్రులకు పొత్తు కుదరలేదు. 1824వ సంవత్సరమున లూయిసా కోబర్గును విడిచి వెళ్లవలసివచ్చెను. అప్పటికి ఆల్బర్టుకు అయిదేండ్లు. రెండేండ్లకు విడాకులు జరిగెను. ఆమె మఱియొకరిని పెండ్లాడి, 1831లో, ముప్పదియేండ్ల వయసుననే, వ్యాధిచే పారిసు నగరమున మరణించెను. కోబర్గు విడిచిన పిమ్మట ఆమె తన కుమారుల నెన్నడును జూడలేదు. రాజ్యమున్నను, సేవకులున్నను, తల్లి ప్రక్కలేని బాలునికి ఇల్లు సగము చీకటియే గదా.

అట్టి స్థితిలో అన్నదమ్ములిద్దఱు ఒకరికొకరు ఆధారమైరి. ఫ్లోర్‌షుట్జ్ అను ఉపాధ్యాయుడు వారిని చిన్ననాటినుండి చేరదీసి, పదునైదేండ్లు విద్య గఱపెను. అవ్వలిద్దఱు వారిని ప్రేమతో జూచుచుండిరి. ఆల్బర్టు చదువునందు శ్రద్ధ గలవాడు; సంగీతమునందును, చిత్రలేఖనమునందును, ప్రకృతిశాస్త్రములందును ఆసక్తి గలవాడు. అన్నతో గలసి అడవులలో దిరిగి రాళ్లను, శంఖములను, పక్షులను ప్రోగుచేసెడివాడు. ఆ సంవత్సరములలో ఏటేట క్రిస్మసు ముందురాత్రి కోబర్గులో చెట్టు వెలిగించెడివారు. ఆ వెలుగు బాలుని మనస్సున చెఱగక నిలిచినది. పెద్దవాడైన పిమ్మట ఆయన వ్రాసిన లేఖలే యిందుకు సాక్ష్యము.

1835లో ఆల్బర్టు తన యన్నతో గూడ లూథరను సంఘమున దృఢీకరణము పొందెను. 1837, 1838 సంవత్సరములలో బాన్ విశ్వవిద్యాలయమున ధర్మశాస్త్రము, తత్త్వశాస్త్రము మొదలగువానిని జదివెను. విక్టోరియా ఆయనకు మేనత్త కుమార్తె. 1836లో నొకసారి, 1839 అక్టోబరులో మఱొకసారి ఆయన ఇంగ్లండునకు వెళ్లెను. రెండవసారి వెళ్లునప్పటికి ఆమె రాణి. రాణిని పెండ్లియాడుమని యడుగుటకు ఇతరులకు చెల్లదు గావున, విండ్సరు కోటలో అక్టోబరు 15వ తేదీని ఆమెయే ఆయనను అడిగెను. 1840 ఫిబ్రవరి 10వ తేదీని లండనులో సెయింట్ జేమ్సు రాజభవనపు దేవాలయమున వారి వివాహము జరిగెను. ఇద్దఱికిని అప్పుడు ఇరువదేండ్లు.

క్రొత్త దేశమున ఆల్బర్టు స్థితి సులభమైనది కాదు. ఆయన మాట తీరు పరదేశపుది. పార్లమెంటువారు ఆయనకు నియమించిన భరణమును తగ్గించిరి. రాజ్యకార్యములలో మొదట ఆయనకు చోటు లేదు. తన యింటనైనను ఆయన యజమానుడు కాడు. రాజగృహపు వ్యవహారములన్నియు ప్రాత యధికారుల చేతులలో చిక్కుపడి యుండెను. పొయ్యిలో కట్టెలు పేర్చుట యొక యధికారి శాఖది, వానిని వెలిగించుట వేఱొక యధికారి శాఖది. అందుచే చలికాలమున గదులు వెచ్చబడక యుండెడివి. కిటికీ యద్దములను లోపల తుడుచువారొక శాఖ, వెలుపల తుడుచువారు మఱొక శాఖ. అందుచే రెండు వైపుల నొక్కసారి శుభ్రమగుట యరుదు. ఆల్బర్టు ఓర్పుతో సంవత్సరములు శ్రమించి ఈ యధికారముల నన్నిటిని ఒక్కని క్రిందికి దెచ్చి, దుబారా మాన్పి, ఇంటిని చక్కబఱచెను. కోటను ఇల్లుగా జేయుటయే ఆయన తొలి విజయమని మేము తలచుచున్నాము.

1840 నవంబరు 21వ తేదీని వారికి ప్రథమ సంతానముగా కుమార్తె విక్టోరియా పుట్టెను. మరు సంవత్సరము నవంబరు 9వ తేదీని కుమారుడు ఆల్బర్టు ఎడ్వర్డు పుట్టెను. ఇతడే తరువాత ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి. ఆ 1841వ సంవత్సరపు క్రిస్మసునకు విండ్సరు కోటలో కోబర్గు రీతిని చెట్లు వెలిగెను. తనకిప్పుడు కానుక లిచ్చుటకు ఇద్దఱు బిడ్డలు కలిగిరనియు, ఏల సంతోషించుచున్నారో తమకే తెలియకున్నను ఆ చెట్టును దాని దీపములను జూచి వారు ఆశ్చర్యానందములతో నున్నారనియు ఆల్బర్టు తన తండ్రికి లేఖ వ్రాసెను. మఱికొన్నియేండ్లకు కోబర్గులోని బంధువులకు వ్రాసిన యొక లేఖలో, పూర్వము తానును అన్నయు పొందిన సంతోషపు ప్రతిధ్వనిని ఇప్పుడు తన బిడ్డలలో వెదకుకొనవలసియున్నదను భావమును తెలిపెను. ఇల్లు విఱిగిన బాలుడు తండ్రియై పలికిన పలుకులివి అని గుర్తుంచుకొన్నచో నా మాటల లోతు మనకు దెలియగలదు.

విండ్సరులోని యలంకారమెట్లుండెనో ఆ కాలపు వర్ణనలవలనను, నీటిరంగుల చిత్రములవలనను మనకు చక్కగా దెలియుచున్నది. చెట్టు ఎనిమిది అడుగుల యెత్తు గల లేత ఫర్ చెట్టు. దానికి ఆరు వరుసల కొమ్మలు. వరుస కొక డజను చొప్పున మైనపు వత్తులు. కొమ్మలకు రంగు రంగుల రిబ్బనులతో చిన్న చిన్న బుట్టలు, పళ్లెరములు, మిఠాయి పెట్టెలు, అల్లము గలిపి చేసి బంగారుపూత వేసిన రొట్టెలు, లోపల మిఠాయి నింపిన గ్రుడ్లు వ్రేలాడుచుండెను. చెట్టు తెల్లని వస్త్రము పఱచిన బల్లమీద నిలుపబడెను. మొదట చుట్టును పెద్ద మిఠాయిలు, బొమ్మలు, ఆటవస్తువులు. శిఖరమున ఱెక్కలు చాచి, రెండు చేతులను పూదండలు పట్టిన చిన్న దేవదూత బొమ్మ. రాణికొక చెట్టు, ఆల్బర్టుకొకటి, బిడ్డలకొకటి, రాణి తల్లికొకటి, ఇట్లు గది గదికిని చెట్లుండెను. కొన్ని గదులలో పైకప్పునుండి వ్రేలాడు దీపగుచ్ఛములను దీసి వాని స్థానమున చెట్లనే వ్రేలాడదీసిరి.

ఈ వైభవము రాజులకు దగినదే. ఐనను ఆ ఇంటివారికి ముఖ్యమైనది వేఱొకటి. క్రిస్మసు ముందురాత్రి వత్తులు వెలిగించిన తరువాత తలుపులు తెఱచి బిడ్డలను లోపలికి బిలుచుట ఆ ఇంటి యాచారము. ప్రతివారి కానుకలును వారి వారి బల్లమీద ముందుగానే యుంచబడెడివి. ఈ యేర్పాటులలో ఆల్బర్టు తానే పూనుకొని శ్రద్ధ వహించెడివాడు. రాజ్యపత్రములతో రేయింబవళ్లు శ్రమించువాడు ఆ దినమున మాత్రము ముందుగా తండ్రి. వారికి క్రమముగా తొమ్మండుగురు బిడ్డలు కలిగిరి. 1848లో పుట్టిన నాల్గవ కుమార్తెకు లూయిసా యని ఆల్బర్టు తల్లి పేరు పెట్టిరి. కోబర్గునుండి వెడలిపోయిన తల్లి పేరు ఇట్లు విండ్సరు చెట్టు క్రిందికి మరల వచ్చినది.

ఆ 1848వ సంవత్సరము డిసెంబరుననే లండనులోని ఒక ప్రసిద్ధ సచిత్ర వార్తాపత్రిక, ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్, విండ్సరు చెట్టు చిత్రమును ప్రకటించెను. చెట్టు నడుమ నున్నది; దాని కొక ప్రక్క రాణి, మఱొక ప్రక్క ఆల్బర్టు, చుట్టును బిడ్డలు. ఆ చిత్రమున కిరీటధారణము లేదు, సేనలు లేవు, సింహాసనము లేదు. చూచినవారికి అది యే గృహస్థుని యింటనైనను చేయదగినదని తోచెను. ఆపిలు పండ్లను, మైనపు వత్తులను, రంగు కాగితమును సంపాదించుట సామాన్యునికి అసాధ్యము కాదు. ఆనాటినుండి ఇంగ్లండులో ఆ యాచారము త్వరితముగా వ్యాపించెను. 1850లో అమెరికా దేశపు గోడీస్ లేడీస్ బుక్ అను స్త్రీల పత్రిక అదే చిత్రమును ముద్రించెను. అయితే రాణి శిరోభూషణమును, ఆల్బర్టు మీసములను దీసివైచి, వారిని సామాన్యమైన అమెరికను కుటుంబముగా జూపెను. రాజవేషము పోయినను చిత్రమునకు లోటు కలుగలేదు. తండ్రి, తల్లి, బిడ్డలు ఒక వెలుగు చుట్టు చేరియుండుటయే దాని సారము గనుక.

ఆల్బర్టు ఆ వెలుగును తన బిడ్డలకు మాత్రమే దాచుకొనలేదు. పాఠశాలలకును, సైనికుల బస కొట్లకును క్రిస్మసు చెట్లను బంపుచుండెను. తల్లిదండ్రులకు దూరముగా నున్న బాలురకు, భార్యాబిడ్డలకు దూరముగా నున్న సిపాయీలకు అట్టి కానుక ఎంతటి యాదరమో వేఱుగ జెప్పనక్కఱలేదు. మన మిషను పాఠశాలలలో క్రిస్మసు చెట్టు నిలుపుటను జూచుచున్న మాకు, చెట్టు బడికి వెళ్లిన ఈ వృత్తాంతము విశేష ప్రీతిని గలిగించుచున్నది.

ఇంటిని గూర్చిన ఆయన చింత పండుగతో ముగియలేదు. ఆ కాలమున ఇంగ్లండు నగరములలో కూలివారు గాలియు వెలుతురును లేని ఇఱుకు గదులలో, ఒక్కొక్క గదికొక్క కుటుంబముగా, నివసించుచుండిరి. శ్రామికుల స్థితిని బాగుచేయుటకై యేర్పడిన సంఘమునకు ఆల్బర్టు అధ్యక్షుడయ్యెను. 1851వ సంవత్సరమున లండనులో హైడ్ పార్కునందు ఆయన పూనికతో గొప్ప ప్రదర్శనము జరిగెను. గాజుతోను ఇనుముతోను గట్టిన ఆ మందిరమును, అందలి వస్తువులను జూచుటకు అఱువది లక్షల ప్రవేశములు జరిగెను. ఆ ప్రదర్శనమునకు సమీపముననే, నాలుగు శ్రామిక కుటుంబములకు సరిపోవు మాదిరి యిండ్లను ఆల్బర్టు కట్టించెను. ఒక్కొక్క కుటుంబమునకు కూర్చుండు గది, నిద్రించుటకు మూడు గదులు, పాత్రలు కడుగు చోటు, మరుగుదొడ్డి ఉండెను. ప్రదర్శనము ముగిసిన తరువాత ఆ యిండ్లను విప్పి కెన్నింగ్‌టన్ అను చోట మరల గట్టిరి. అవి నేటికిని నిలిచియున్నవి. ఇంట దీపము పెట్టుమని చెప్పువాడు, దీపము పెట్టుటకు ఇల్లు లేనివారిని మఱువరాదని ఆల్బర్టు ఎఱిగియుండెను.

తన బిడ్డలకును ఆయన ఇంటిపనిని నేర్పించెను. వైట్ ద్వీపమునందు వారికి ఆస్బర్ను అను సొంత గృహముండెను. దాని తోటలో 1854 నాటికి స్విస్ కాటేజి యను చిన్న కొయ్యయిల్లు కట్టించెను. రాజకుమార్తెలు అందు వంట నేర్చుకొనిరి. ప్రతి బిడ్డకు కొంత నేలయు, పేరు గుర్తు గల పనిముట్లును ఉండెను. వారు పండించిన కూరగాయలను ఆల్బర్టు బజారు ధర యిచ్చి కొనెడివాడు. ఇట్లు శ్రమ విలువ వారికి దెలిసెను.

ఆయనలో లోపములు లేవని చెప్పుట సత్యమునకు విరుద్ధము. పెద్ద కుమారుని విషయమున ఆయన మితిమీరిన కాఠిన్యము చూపెను. ఆటకును స్నేహమునకును చాలినంత తీరిక లేని పాఠక్రమమును ఆ బాలునికి విధించెను. చదువున మందుడని తలచి నిరాశ పడెను. ప్రేమించు తండ్రియు ఒక్కొక్కప్పుడు బిడ్డ మనస్సును దెలిసికొనజాలడు. చెట్టు చుట్టు సంతోషము నిండిన యింటను సంవత్సరము పొడుగునను సమాధానము నిలుపుకొనుట తేలిక కాదని దీనివలన మనము గ్రహింపవలెను.

1861వ సంవత్సరము ఆ కుటుంబమునకు దుఃఖమయమైనది. మార్చి మాసమున రాణి తల్లి మరణించెను. నవంబరులో పెద్ద కుమారుని దుర్నడతను గూర్చిన వార్త ఆల్బర్టు చెవిని బడి ఆయనను క్రుంగదీసెను. అప్పటికే దేహము అస్వస్థముగా నుండినను, నవంబరు 25వ తేదీని కుమారుడు చదువుచున్న కేంబ్రిడ్జికి వెళ్లి, అతనితో మాటలాడి, మందలించి, క్షమించి తిరిగి వచ్చెను.

ఆ సమయముననే రెండు దేశముల నడుమ యుద్ధమేఘములు క్రమ్మెను. అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రములకు అంతర్యుద్ధము జరుగుచుండెను. నవంబరు 8వ తేదీని ఉత్తర రాష్ట్రముల యుద్ధనౌక యొకటి ట్రెంటు అను ఇంగ్లీషు ఓడను సముద్రమున నాపి, అందు ప్రయాణించుచున్న దక్షిణ రాష్ట్రముల రాయబారుల నిద్దఱిని బంధించి తీసికొనిపోయెను. ఇంగ్లండు ప్రభుత్వము మిక్కిలి కఠినమైన పత్రమును సిద్ధపఱచి రాణి యామోదమునకై విండ్సరునకు బంపెను. ఆ పత్రము అట్లే వెళ్లినచో యుద్ధము తప్పక పోవచ్చునని ఆల్బర్టు కనిపెట్టెను. డిసెంబరు 1వ తేదీ తెల్లవాఱుజామున, కలము పట్టుటకు సైతము శక్తి చాలని స్థితిలో, ఆయన దానిని మృదువుగా సవరించెను. ఆ నావికాధికారి తన ప్రభుత్వపు ఆజ్ఞ లేకయే యట్లు చేసియుండునని భావించుటకు అవకాశమిచ్చి, అవతలివారు గౌరవభంగము లేకుండ వెనుకకు దగ్గుటకు దారి చూపెను. అదియే ఆయన వ్రాసిన కడపటి రాజ్యపత్రము.

పిమ్మట ఆయన మంచము విడువలేదు. వైద్యులు టైఫాయిడు జ్వరమని చెప్పిరి. తరువాతి కాలపు వైద్యులలో కొందఱు వేఱు వ్యాధియై యుండునని తలంచుచున్నారు. డిసెంబరు 14వ తేదీ రాత్రి, రాణియు బిడ్డలును ప్రక్కనుండగా, విండ్సరు కోటలో ఆల్బర్టు కన్నుమూసెను. ఆయన వయసు నలువదిరెండేండ్లు. క్రిస్మసునకు పదునొకండు దినములే మిగిలియుండెను. డిసెంబరు 23వ తేదీని విండ్సరులో ఉత్తరక్రియలు జరిగెను. రాణి అప్పటికే బిడ్డలతో ఆస్బర్నునకు వెళ్లియుండెను. ఇరువదేండ్లుగా విండ్సరు గదులలో వెలిగిన చెట్ల వెలుగు ఆ సంవత్సరము శోకములో మునిగెను.

అదే క్రిస్మసు దినమున, సముద్రమున కావల, వాషింగ్‌టన్ నగరమున అధ్యక్షుడు లింకనును ఆయన మంత్రులును సభ చేరి, ఇంగ్లండునకు ఏమి యుత్తరమియ్యవలెనని ఆలోచించుచుండిరి. మరునాడు రాయబారులను విడిచిపెట్టుటకు నిశ్చయించిరి. యుద్ధము తప్పినది. ఎన్ని వేల యిండ్లలో కుమారులు, భర్తలు, తండ్రులు బ్రదికిరో ఎవరు లెక్కింపగలరు? ఆల్బర్టు తన యింటి చెట్టును వెలిగింపలేకపోయిన ఆ క్రిస్మసునకు ఆయన చేతివ్రాత రెండు దేశముల గృహములలో దీపములు ఆఱిపోకుండ గాపాడుటకు తోడ్పడినది. భూమిమీద సమాధానమును గూర్చి దేవదూతలు బెత్లెహేములో చాటిన దినమునకు ఇంతకంటె దగిన అలంకారము వేఱొకటి యుండునని మేము తలంపము.

1862 డిసెంబరులో ఆయన శరీరమును విండ్సరు సమీపమున ఫ్రాగ్‌మోరునందు రాణి కట్టించిన సమాధిమందిరమునకు మార్చిరి. రాణి మఱి నలువది యేండ్లకు కొంచెము తక్కువగా జీవించి 1901లో మరణించెను. ఆ సంవత్సరములలో ఆమె క్రిస్మసును తఱచుగా ఆస్బర్నుననే గడపెను. కాలక్రమమున అచ్చటను చెట్టు మరల వెలిగెను. అప్పటికి ఇంగ్లండు పట్టణములలో అంగళ్లవారు క్రిస్మసు చెట్లను, వాని యలంకారములను అమ్ముచుండిరి. కొనువారిలో ననేకులకు కోబర్గు పేరైనను తెలియదు. మంచి యాచారము దానిని నాటినవాని పేరును మఱచియు బ్రదుకును.

విద్యార్థినీ విద్యార్థులారా, ఈ చరిత్రమును మీకు జెప్పుటలో మా యుద్దేశము రాజవైభవమును పొగడుట కాదు. తల్లి లేని యింట పెరిగిన బాలుడొకడు తన దుఃఖమును పగగా మార్చుకొనక, తన బిడ్డలకు వెలుతురు గల యింటిని గట్టెను. తరువాత పేదల యిండ్లను దలచెను. మన యిండ్లలో తల్లి గతించినవారు, తండ్రి దూరదేశమున కూలికి బోయినవారు, తల్లిదండ్రుల కలహములచే మనస్సు నలిగినవారు లేకపోలేదు. మన వసతిగృహమున సైతము పండుగకు వెళ్లుటకు ఇల్లు లేని బాలబాలికలు ఉండవచ్చును. అట్టివారు తమ యింటి కథ అంతటితో ముగిసినదని తలంపరాదు.

తల్లిదండ్రులారా, అంగడిలో కొన్న దీపమాలిక కంటె మీ బిడ్డలతో గూర్చుండి మీరు కత్తిరించిన కాగితపు నక్షత్రము ఎక్కువకాలము జ్ఞాపకముండును. రంగు కాగితమునకు, జిగురునకు అయ్యెడు వ్యయము స్వల్పము. కావలసినది ఒక సాయంకాలపు తీరిక. చెట్టు నిలిపిన పిదప దాని చుట్టు ఎవరు చేరియున్నారో, ఎవరు చేరలేదో యొకసారి చూడుడు. ఈ యేడు మరణము సంభవించిన పొరుగింటికి ఒక పచ్చని కొమ్మయు, పళ్లెము పిండివంటలును బంపుడు. పండుగకు పోవుటకు తావులేని విద్యార్థిని మీ బల్లయొద్దకు బిలువుడు. పశువుల తొట్టిలో పరుండిన శిశువునకు ఆ రాత్రి సత్రమున స్థలము దొరకలేదు. ఆయన జన్మదినమున మన యింట మఱియొకనికి స్థలమిచ్చినప్పుడే మన యలంకారము పూర్తియగును.